రెప్పపాటు ఆగిన బొమ్మ

ఉదయం కుర్చీలో కూర్చోగానే ఆయన చేసే మొదటి పని కళ్లజోడు తుడుచుకోవడం. రెండోది, ముక్కూ మొహం తెలియని ఎవరో రాసిపెట్టిన తిట్టు చదవడం. ఈ రెంటికీ నడుమ టీ తాగే అలవాటు ఒకప్పుడు ఉండేది. వేడి టీ మీద వేడి తిట్టు పడితే కడుపు ఒప్పుకోవడం లేదని ఆ టీని మధ్యాహ్నానికి జరుపుకున్నాడు.

ఆఫీసు మేడమీద. కింద పరుపుల దుకాణం. మెట్లెక్కేవాళ్లకు దుకాణం అద్దంలోంచి ఎవరూ పడుకోని మెత్తటి పరుపులు వరసగా కనిపిస్తాయి. సాయంత్రం దిగేవాళ్లకు మరీ మెత్తగా కనిపిస్తాయి. పైన ఒకటే పొడుగాటి గది, కిటికీలన్నిటికీ నల్లకాగితం. భయపెట్టే కంప్యూటర్ ఆటను వెలుతురులో పరీక్షిస్తే లోపాలు దొరకవని అక్కడివాళ్ల నమ్మకం. ఆయన బల్ల పక్కనున్న కిటికీకి మాత్రం కాగితం చించేశారు. అక్షరాలు చూసే మనిషికి వెలుతురు కావాలన్న దయ అది. దాంతో గదిలో అందరూ నీడల్లా కనిపిస్తే ఆయనొక్కడూ వయసుతో సహా కనిపిస్తాడు.

అందరూ ఆయన్ని చదువరి అంటారు. మొదట్లో వెక్కిరింతకే పెట్టిన పేరు. ఆయన వెక్కిరింతను పట్టించుకోకపోవడంతో పేరు మాత్రం మిగిలింది.

వాళ్లు చేసే ఆట పేరు ‘కింది అంతస్తు’. పాడుబడ్డ నీళ్ల శుద్ధి కేంద్రంలోకి పైపుల మేస్త్రీ ఒకామె దిగుతుంది, చేతిలో పెద్ద స్పానర్. అంతస్తు తర్వాత అంతస్తు కిందికి పోవాలి. చీకట్లోంచి మీదపడేవాటిని కొట్టాలి, కొట్టలేనివాటి నుంచి పరుగెత్తాలి. అన్నిటికంటే హడలెత్తించేది ముఖం లేని కాపలాదారు. ఆడేవాళ్లు వాణ్ణి వాచ్‌మన్ అంటారు. ఆట పుట్టింది ఇక్కడ కాదు. వేరే కంపెనీవాళ్లు టీవీకి తగిలించుకునే పెట్టె కోసం చేశారు. దాన్ని కంప్యూటర్ల మీద ఆడేలా మార్చడం వీళ్ల పని. పెట్టెలన్నీ ఒకే అచ్చున పోసినవి. కంప్యూటర్లు అలా కాదు, ఏ ఇంటిది ఆ ఇంటిదే. ఒక ఇంటికి కొలిచి చేసిన తలుపును తెచ్చి ఊళ్లో ప్రతి గుమ్మానికీ పట్టించమంటే వడ్రంగి ఏం పాట్లు పడతాడో వీళ్లూ అవే పడతారు. తలుపు పట్టని ఇంటివాడు ఊరుకోడు. ఆట అమ్మే పేజీ కింద తన అభిప్రాయం రాస్తాడు. ఆ అభిప్రాయాలు చదివి, అందులో పనికొచ్చే విషయం తీసి, పని చేసేవాళ్ల ముందు పెట్టడమే చదువరి ఉద్యోగం.

అంతకుముందు ఆయన ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దేవాడు. అది మూతపడ్డాక చాలాకాలం ఇంట్లోనే ఉన్నాడు. ఆ పనిలో ఒంటబట్టిన గుణం ఒకటి ఆయనకు మిగిలింది. ఎంత గొప్ప కథ ముందుకొచ్చినా అందులో పడకుండా చదవగలడు. “కథలో పడ్డామా, అచ్చుతప్పు మన ముందునుంచే నడిచిపోతుంది,” అనేవాడు. ఇక్కడా అదే పాటించాడు. ఆట ఎప్పుడూ ఆడలేదు. ఆడకపోవడం తనకు బలమనే అనుకున్నాడు.

ఆయన్ని ఈ ఉద్యోగంలో పెట్టించింది అన్నగారి కూతురు. ఆఫీసులో ఆ అమ్మాయిని మెకానిక్ అని పిలుస్తారు. ఆటలో ఏ జంతువు ఏ తలుపు వెనకనుంచి ఎప్పుడు రావాలో, కంప్యూటర్ దాన్ని ఎక్కడినుంచి తెచ్చి తెరమీద నిలపాలో కంప్యూటర్ల కోసం ఆ ఏర్పాటంతా తిరగరాసింది ఆమే. అంతకుముందు ఆమె చేసిన ఆటకు వచ్చిన అభిప్రాయాలను ఆమే చదువుకుంది. చదివి, అన్నం ముందు కూర్చుని లేచిపోవడం మొదలుపెట్టింది. పలకరిస్తే వెలుతురు మీద పడినట్టు కళ్లు చిట్లించేది. అప్పుడు వదిన చదువరిని వంటింటి గుమ్మం దగ్గర ఆపి, గొంతు తగ్గించి చెప్పింది. “ఏమయ్యా మరిదీ, ఆ పాపిష్టి రాతలేవో నువ్వే చదువు. దాని కంటపడనివ్వకు. ఊళ్లోవాళ్ల నోళ్లు మనం ఎలాగూ కుట్టలేం.”

అలా వచ్చింది ఆ కట్టుబాటు. ఆఫీసులో ఎవరూ కాగితం మీద పెట్టింది కాదు, అయినా గట్టిదే. మెకానిక్ అభిప్రాయాలు చదవదు. బాబాయ్ చదువుతాడు, జల్లెడ పడతాడు, తిట్టూ శోకమూ వెటకారమూ పైన ఆగిపోతే కింద రాలిన పిండి ఆమెకు ఇస్తాడు.

ఎవరో ఇలా రాస్తారు: “ఒరేయ్, పంపుల గది నడవాలో వాచ్‌మన్ వచ్చే ముందు బొమ్మ ఠక్కున ఆగుతుంది చూడు, నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవడ్రా చేసింది? వాడి చేతులు విరగ్గొట్టాలి!” చదువరి దాన్ని ఇలా దిద్దుతాడు: “పంపుల గది నడవాలో కాపలాదారు ప్రవేశించే ముందు చిత్రం ఆగుతోంది.” ప్రాణాలూ చేతులూ తీసేస్తాడు. ఎవరి ప్రాణాలు ఎక్కడికి పోయాయన్నది ప్రూఫులు దిద్దేవాడి విషయం కాదు.

ఆ పేజీలో ఆడినవాళ్లు రాతతో పాటు ఒక గుర్తు కూడా పెడతారు. నచ్చితే బొటనవేలు పైకి, నచ్చకపోతే కిందికి. ఆ వేళ్ల మొత్తం నేరుగా కెప్టెన్ గదికి పోతుంది. కెప్టెన్ అంటే ఆ ఆఫీసును నడిపే పెద్దమనిషి. ఓడ ఎక్కిన మనిషి కాదు, ఎప్పుడూ మునిగిపోతున్నట్టు మాట్లాడతాడని ఆ పేరు. వేళ్లు ఒక గదిలో, మాటలు మరో గదిలో. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. పని పంచుకున్నచోట మనుషులు సాధారణంగా బాధ్యతనే పంచుకున్నామనుకుంటారు. నిజానికి అక్కడ మొదట రెండు ముక్కలయ్యేది చూపు.

బొమ్మ ఆగే ఆ లోపాన్ని ఆఫీసులో ఎక్కిళ్లు అనేవాళ్లు. కంప్యూటర్ వాచ్‌మన్‌ను లోపలినుంచి మోసుకొచ్చే తొందరలో ఒక్క రెప్పపాటు ఊపిరి బిగబడుతుంది. తెర నిలిచిపోతుంది, చప్పుడు కూడా తెగిపోతుంది. ఆ వెంటనే వాడు ఉంటాడు. ఆట విడుదలైన నాటినుంచి చదువరి జల్లెడ కింద ఎక్కువగా రాలింది ఈ ఎక్కిళ్ల సంగతే.

మెకానిక్ దాని వెంట పడింది. రోజుల తరబడి పడింది. ఒక కంప్యూటర్లో పోయిన ఎక్కిలి పక్క కంప్యూటర్లో తేలేది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయకుండానే సాయంత్రం ఇంటికి తిరిగిపోయేది. ఒకనాడు మెట్లమీద, పరుపుల దుకాణం అద్దానికి తల ఆనించి నిలబడి ఉంటే చదువరి చూశాడు.

“ఏమ్మా, పరుపు బేరమాడుతున్నావా?”

“నిలబడి నిద్రపోయే పరుపు ఉందేమో అడుగుదామని, బాబాయ్.” కళ్లు తెరవకుండానే నవ్వింది. నవ్వు నిలవలేదు. “ఇదొక్కటి సరిచేస్తా. దీని తర్వాత కూడా తిడితే ఇక నావల్ల కాదు. మానేస్తా. బిల్లులు కొట్టే ప్రోగ్రాములు రాసుకునే ఉద్యోగం ఒకటి రమ్మంటోంది. బిల్లు చూసి ఎవడూ భయపడక్కర్లేదు.”

“బిల్లు చూసి భయపడనివాడు ఎవడమ్మా?”

“నేను హాస్యానికి అనడం లేదు.”

ఆమె హాస్యానికి అనడం లేదని ఆయనకు తెలుసు. చిన్నప్పుడు పాడైన గోడగడియారం విప్పి, మళ్లీ బిగించలేక ఏడ్చి, ఏడుస్తూనే బిగించిన పిల్ల. దానికి పని చేతకాకపోవడం ఉండదు. చేసిన పని ఎవరికీ అక్కర్లేకపోతే మాత్రం లోపల ఏదో ఆరిపోతుంది. బిల్లుల ఉద్యోగంలో అది ఆరిపోయాకే బతకాలి. “ముందు సరిచెయ్, తర్వాత చూద్దాం,” అని మాత్రం అన్నాడు.

ఆమె సరిచేసింది. వాచ్‌మన్‌ను ఆటగాడు ఇంకా మెట్లమీద ఉండగానే తెచ్చి గోడవెనక నిలబెట్టి ఉంచేలా మార్చింది. సవరణ బయటికి వెళ్లిన రోజు కెప్టెన్ గదిలోంచి బయటికొచ్చి, “బాగుంది” అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అరుదు కాబట్టి అంతా దాన్ని కాసేపు నమ్మలేకపోయారు. మెకానిక్ ఆరోజు తన డబ్బా పూర్తిగా తిని, పక్కవాడి డబ్బాలో కూడా చెయ్యి పెట్టింది.

మర్నాడు చదువరి కళ్లజోడు తుడుచుకుని మొదటి అభిప్రాయం తెరిచాడు.

“బొమ్మ ఆగడం లేదు. నున్నగా పోతోంది. ఇప్పుడు భయమెక్కడ?”

రెండోది: “వాచ్‌మన్ వస్తున్నాడు, పోతున్నాడు. మా ఇంటికి పేపరు వేసేవాడిని చూస్తే ఇంతకంటే హడలుతా.”

మూడోది: “ఏం పీకారో గాని ఆట ప్రాణం పీకేశారు.”

చదువరి చేతులు అలవాటుగా కదిలాయి. “చిత్రం ఇప్పుడు ఆగడం లేదని ఆటగాళ్లు నిర్ధారిస్తున్నారు,” అని దిద్ది పంపాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నీడల మధ్యనుంచి మెకానిక్ లేచి నిలబడి ఆయనకేసి చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు. ఊపిన చెయ్యి దించుతుంటే బరువనిపించింది.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర ఆయన భార్య బల్లమీద ఎవరిదో కోటు పరిచి మరక చూస్తోంది. ఆమెకు వీధి మొదట్లో బట్టలు శుభ్రంచేసే కొట్టు ఉంది. వదలని మరకలను ఇంటికి తెచ్చుకుంటుంది, కొందరు మొండి లెక్కలు తెచ్చుకున్నట్టు.

“ఏవండీ, ఈరోజు ఎవరి తిట్లు మోసుకొచ్చారు? మొహం అలా ఉంది.”

“తిట్లు కావు. ఏదో లోటు. సరిచేశాకే లోటంటున్నారు.”

“ఈ కోటాయనా అంతే. మరక పోగొట్టి ఇస్తే, రంగు పోయిందని మళ్లీ తెచ్చాడు. చూస్తే నిజమే. పోయినసారి మరకతో పాటు కాస్త రంగూ తీసేశాను.” ఆమె కోటు వెలుతురుకేసి ఎత్తింది. “ఒప్పేసుకున్నాలెండి. కాదంటే మళ్లీ రాడు.”

భార్య కోటు గురించే మాట్లాడుతోందని ఆయనకు తెలుసు. తన సంగతిని దానికి జతచేసుకుంటున్నది తానేననీ తెలుసు. అలసిన మనసు కనిపించిన ప్రతిదానిలోనూ తన కేసే వాదించుకుంటుంది. అందుకే దాని తీర్పుల్ని ఆయన అంతగా నమ్మడు.

కొన్నాళ్లకు కెప్టెన్ ఆయన బల్ల దగ్గరికే వచ్చాడు. వెలుతురులో ఆ మనిషి మొహం కూడా వయసుతో సహా కనిపించింది.

“చదువరి గారూ, వేళ్లు కిందికి తిరుగుతున్నాయి. సవరణ తర్వాతే. మీరేమో అంతా సవ్యం అని పంపుతున్నారు. నాకు మతిపోతోంది.”

“ఆగడం లేదని రాస్తున్నారు సార్. అదే పంపాను.”

“ఆగకపోతే సంతోషించాలి కదా! రేపు కూర్చుందాం. ఆ మెకానిక్ రాసినదాంట్లోనే ఏదో తిరగబడి ఉంటుంది. లేకపోతే ఆ భాగం ఇంకొకరికి ఇచ్చి చూద్దాం.” వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, “ఆ అమ్మాయికి ఇప్పుడే చెప్పకండి. మీ పిల్లే కదా, మీకు తెలియాలని అన్నా,” అన్నాడు.

చదువరి తను దిద్దిన వాక్యాలను పక్కకు నెట్టి, ఆట విడుదలైనప్పుడు వచ్చిన రాతలను, కొయ్యకముందటి వాటిని, మళ్లీ తెరిచాడు. మొట్టమొదటిసారిగా ప్రతి రాత పక్కనున్న వేలు చూశాడు.

చేతులు విరగ్గొడతానన్నవాడి వేలు పైకి ఉంది. “పంపుల గది పేరెత్తితే మా ఆవిడ లైటు వేస్తోంది, మీ వంశం నాశనం కాను,” అన్నవాడి వేలూ పైకే. “బొమ్మ ఆగిందంటే వాడొస్తున్నాడని తెలుసు, తెలిసి ఏం చెయ్యగలం, ఆ రెప్పపాటు చాలు చావడానికి,” అన్నామె వేలు పైకి. అన్నీ పైకి లేవు. పాత కంప్యూటర్లున్నవాళ్లు కొందరు నిజంగానే విసిగిపోయారు. వాళ్లకు బొమ్మ రెప్పపాటు కాదు, ఆవులింతంత ఆగింది. అయితే రెండు రకాలవాళ్లూ రాసిన సంగతి ఒకటే, చిత్రం ఆగుతోందని. సంగతిని మాత్రమే ఉంచి ఊపిరి తీసేస్తే మెచ్చుకోలూ ఫిర్యాదూ కవలపిల్లల్లా ఉన్నాయి. వాటిని వేరుచేసే గుర్తులన్నీ తను చెత్తబుట్టలో వేసిన మాటల్లోనే ఉండిపోయాయి.

అప్పటికీ ఆయన తొందరపడి తీర్మానించలేదు. చదివింది చదివిందే, ఆ నడవా తను చూసింది కాదు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పే వేళకు మెకానిక్ బల్ల దగ్గరికి వెళ్లాడు.

“అమ్మాయ్, ఆ ఆట ఒకసారి ఆడతా.”

ఆమె నోట్లో ముద్ద అలాగే ఆగింది. “నువ్వా?”

“ఏం, ఆడకూడదా? మొదట పాతది, ఎక్కిళ్లున్నది.”

“కొత్తది ఆడు బాబాయ్. దానికోసమే కదా నా నడుం విరిగింది.”

“రెండూ ఆడతా. ముందు పాతది.”

పరీక్షల కోసం ఉంచిన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. చదువరి ఆట అరివీర భయంకరంగా సాగింది. పైపుల మేస్త్రీ చాలాసేపు ఒక గోడను తలతో తోస్తూ నిలబడింది. తర్వాత మెట్లమీంచి కాకుండా పక్కనున్న గుంటలోకి దిగి చచ్చింది. తిరిగి లేచి, ఏ శత్రువూ లేనిచోట స్పానర్ తిప్పి ఒక బల్బు పగలగొట్టింది.

“అది నీకేం చేసింది బాబాయ్?”

“చేయి దానంతట అదే లేచింది!”

“చేతులు నీవి, లేవడం దానిదా?” నలుగురు డబ్బాలతో సహా వెనక చేరారు. మెకానిక్ పొట్ట పట్టుకుంది. ఆమె అలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో గుర్తు తెచ్చుకోబోయి ఆయన మరో గుంటలో పడ్డాడు.

చివరికి పంపుల గది నడవా వచ్చింది. నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు. దూరంగా ఒక తలుపు. మేస్త్రీ అడుగులో అడుగు వేస్తోంది. వాచ్‌మన్ ఇక్కడ వస్తాడని చదువరికి తెలిసినంతగా బహుశా ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆ సంగతి అన్నిసార్లు చదివాడు, అన్నిసార్లు దిద్దాడు.

చప్పుడు తెగింది.

బొమ్మ నిలిచిపోయింది. పడబోతున్న నీటిబొట్టు గాలిలో ఉండిపోయింది. ఏమీ జరగలేదు. జరగబోతోందని మాత్రం తెలిసింది. తన చేతికింద ఉన్నదేదీ ఇక తన మాట వినదనీ, ఏ మీట నొక్కినా లాభం లేదనీ తెలిసింది. రాబోయేదాని కంటే ముందు ఈ ఆగిపోవడం వచ్చింది, ఏదో పెద్ద మాట చెప్పడానికి డాక్టరు తలుపు వేసినట్టు. మనిషి భయపడేది వచ్చినదానికి కాదు. తప్పుకోవడానికి తనకున్న ఆ కాస్త వ్యవధినీ ఎవరో లాగేసుకుంటే భయపడతాడు.

వాడొచ్చాడు. చదువరి కుర్చీ వెనక్కి తన్నేసి, హెడ్‌ఫోన్ల తీగ మెడకు చుట్టుకుని, అన్నగారి పేరు పెట్టి గట్టిగా కేక పెట్టాడు. గది గదంతా ఘొల్లుమంది.

“మా నాన్నని పిలుస్తావేం బాబాయ్, నేనుండగా!” మెకానిక్ కళ్లనీళ్లు తుడుచుకుంటూ తీగ విప్పింది.

“కొత్తది పెట్టు,” అన్నాడాయన. నవ్వే వాళ్లతో నవ్వలేదు.

కొత్తది పెట్టింది. అదే నడవా, అవే నీటిబొట్లు. బొమ్మ ఎక్కడా ఆగలేదు. చప్పుడు తెగలేదు. తలుపు పక్కనుంచి వాచ్‌మన్ నున్నగా, మర్యాదగా నడిచి వచ్చాడు.

“వచ్చాడు,” అన్నాడు చదువరి. బస్టాపులో నిలబడినవాడు బస్సు వచ్చిందని చెప్పినట్టు అన్నాడు.

వెనకున్నవాళ్లు ఇంకా నవ్వుతున్నారు. మెకానిక్ నవ్వు ఆగింది. తెరకేసీ ఆయన మొహంకేసీ మార్చి మార్చి చూసింది. ఈ పనిలో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

“ఎంతమంది రాశారు, బాబాయ్?” చాలా నెమ్మదిగా అడిగింది.

“మెట్ల దగ్గరికి రా.”

పరుపుల దుకాణం పైమెట్టు మీద కూర్చుని ఆయన చెప్పాడు. ఏం కోశాడో, ఎలా కోశాడో, వేళ్లు ఎందుకు చూడలేదో, సవరణ తర్వాత వచ్చినవి ఎలా నున్నగా చేసి పంపాడో. కెప్టెన్ వద్దన్నది కూడా చెప్పాడు, రేపు కూర్చుంటామన్నది, భాగం మార్చే మాట. చెప్పడం అయ్యాక ఆమె మోకాళ్లమీద గడ్డం పెట్టుకుంది.

“భయం బాగుందన్నారన్నమాట. నేను చేసింది చూసి హడలిపోయామన్నారు. నాకేమో ‘చిత్రం ఆగుతోంది’.”

“నీకు తగలకూడదని...”

“ఎన్నాళ్లు నమిలి పెడతావు బాబాయ్ నాకు? పళ్లొచ్చి ఎన్నేళ్లయింది?” గొంతు లేచింది. కింద దుకాణంవాడు తల బయటపెట్టి చూసి లోపలికి తీసుకున్నాడు. “తిట్లు ఆపావు, సరే. తిట్లతో పాటు ఏమేం ఆగాయో నీకు తెలుసా? నాకిక్కడ ఒక్కళ్లూ లేరనుకున్నా. నేను చేసింది ఎవరికీ అంటుకోవడం లేదనుకున్నా. సరిచేశాక కూడా ఒక్క మంచి మాట రాలేదని, బిల్లుల ఉద్యోగానికి రేపు ఔనని చెప్దామనుకున్నా!”

వదిన చెప్పిందని చదువరి అనవచ్చు. అప్పట్లో నీ మొహం అలా ఉండేదని అనవచ్చు. రెండూ నిజాలే. నిజం చెప్పినా తప్పు తప్పుగానే మిగిలే సందర్భాలు ఉంటాయి. ఇది వాటిలో ఒకటని ఆయనకు తోచింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమే లేచింది. “పద. చూపించు. కొయ్యనివి.”

కిటికీ పక్కన ఆయన కుర్చీలో ఆమె కూర్చుంది. ఆయన పక్కన నిలబడ్డాడు. ఆమె చదువుతుంటే ఆమె మొహం మీదే కళ్లు పెట్టుకున్నాడు. చేతులు విరగ్గొడతానన్నవాడి దగ్గర పెదవి ఒక పక్కకు లేచింది. వంశనాశనం దగ్గర పైకే నవ్వింది. తర్వాత ఒకచోట ఆగిపోయింది. అది ఆయనకు తెలిసిన రాతే. పాత కంప్యూటర్ ఉన్నవాడు, నిజంగా విసిగినవాడు, ఈ పని చేసినవాళ్లకు సిగ్గుండాలని, జీతం తీసుకునే అర్హత లేదని, ఇంకా రాయకూడనివి రాశాడు. ఆమె రంగు మారింది. ఆయన చెయ్యి తెరకు అడ్డంగా లేవబోయింది. లేవబోయి, కుర్చీ వెనక పట్టుకుంది.

ఆమె చివరిదాకా చదివింది. “ఇతని కంప్యూటర్లో నిజంగానే చాలాసేపు ఆగి ఉంటుంది. పాపం,” అంది. మళ్లీ కిందికి జరిపింది.

మర్నాటి సమావేశంలో కెప్టెన్ మునిగిపోతున్నట్టే మాట్లాడాడు. మెకానిక్ చెప్పిందంతా విని బల్లమీద తట్టాడు.

“అంటే తీసేసిన తప్పును తెచ్చి మళ్లీ పెడతానంటావు. ఇది నేను పైవాళ్లకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?”

“అప్పుడది నాకు చెప్పకుండా ఆగింది సార్. ఇప్పుడు నేను చెప్తే ఆగుతుంది. అందరి దగ్గరా ఒకే రెప్పపాటు. పాత కంప్యూటర్లలో అంతకుమించి ఆగదు.”

“మళ్లీ తిడితే?”

“తిడతారు.”

కెప్టెన్ చదువరికేసి చూశాడు. చదువరి తలెత్తి, “నేను నిన్న ఆడాను సార్. మా అన్నయ్యని పిలిచాను,” అన్నాడు. అది సాక్ష్యమో కాదో కెప్టెన్ తేల్చుకోలేకపోయాడు. “సరే, చెయ్యి. ఇది మునిగితే అందరం మునుగుతాం,” అని లేచాడు. మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. భాగం ఇంకొకరికి ఇచ్చే మాట కూడా మళ్లీ రాలేదు.

ఆమె బిల్లుల ఉద్యోగంవాళ్లకు రానని చెప్పింది. అదేమంత ఆనందంగా చెప్పలేదు. ఫోను పెట్టేసి చాలాసేపు మెడ రుద్దుకుంది. కొత్త సవరణ బయటికి వెళ్లింది. ఇప్పుడు ఆమె చెప్పినట్టే, ఆమె చెప్పినచోటే, బొమ్మ ఒక్క రెప్పపాటు ఆగుతుంది.

మర్నాడు ఉదయం చదువరి కళ్లజోడు తుడుచుకుని కూర్చోబోయేసరికి తన కుర్చీలో ఆమె ఉంది. ముందే వచ్చి చదువుతోంది. కళ్లకింద నల్లగా ఉంది. పక్కన మూత తీయని డబ్బా. ఆయన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన పని ఏమిటో ఆయనకు తెలియలేదు. ఎండ ఇద్దరి మీదా సమంగా పడుతోంది.

“బాబాయ్, ఇది చూడు,” అంది. “‘మళ్లీ ఆపారు మహానుభావులు. ఆ చేతులకు దండం పెట్టాలి.’ ఇది మెచ్చుకోవడమా, తిట్టడమా?”

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. మొదటినుంచి చదివాడు. ఆ మనిషి ఏ కంప్యూటర్‌తో ఆడాడో, ఎక్కడ ఆగాడో, ఎన్నిసార్లు మొదటికొచ్చాడో, పంపుల గది దాకా రావడానికి ఎంత శ్రమపడ్డాడో, చివరికి ఎందుకు వదిలేశాడో అంతా చదివాడు. జీవితంలో మొదటిసారి కథలో పడి చదివాడు. వేలు ఎటుందో చివర్న చూశాడు, చూడక్కర్లేకపోయినా.

ఆమె ఆయన మొహంకేసే చూస్తోంది.

“తిట్టేనమ్మా,” అన్నాడు.

“ఊఁ,” అంది. డబ్బా మూత తీసి, ఒక ముద్ద తిని, నమిలి మింగి, తర్వాతి రాత తెరిచింది.